బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) సీటు తీసుకోవచ్చా? రిజిస్ట్రేషన్ సంగతేంటి?

కరీంనగర్ కుర్రాడు: మా చెల్లికి ఎంబీబీఎస్ రాదని తేలిపోయింది. కాళోజీ వర్సిటీ ఆయుష్ కౌన్సెలింగ్‌లో బల్కంపేట గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో బీఎన్‌వైఎస్ వచ్చేలా ఉంది. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. నాన్నేమో "అది డాక్టరు చదువేనా?" అంటున్నారు. మీరేమంటారు?

సూటిమాట: వద్దు. 2020లో వచ్చిన భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టంలో ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా (టిబెటన్ వైద్యం) ఉన్నాయి, ప్రకృతి వైద్యం లేదు. డాక్టరుగా పేరు నమోదు చేసుకోవడానికి జాతీయ రిజిస్టరే లేని చదువుకి ఐదున్నరేళ్లా?

బీఎన్‌వైఎస్ ఇంటర్నీ: సగమే చెప్పారు. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టంలో గుర్తింపున్న వైద్య విధానాలు చూడండి, అల్లోపతీ పక్కనే యోగా, నేచురోపతీ ఉంటాయి. ఆసుపత్రికి గుర్తింపుంది, అందులో కూర్చునే డాక్టరుకి కేంద్ర రిజిస్టర్ లేదు! కర్ణాటక నయం, వాళ్ల 1961 రిజిస్ట్రేషన్ చట్టం పేరులోనే నేచురోపతీ ఉంది.

రిజిస్టర్ లేక నష్టపోయేది రోగులు కూడా. మా ఊళ్లో ఒకాయన బోర్డు మీద పెద్దక్షరాల్లో 'డాక్టర్', కింద కనపడీ కనపడకుండా 'డిప్లొమా'. తొట్టి స్నానం, మట్టి పట్టీ, వారం ఉపవాసం అన్నీ చేయించేస్తాడు. ఇన్సులిన్ వేసుకునే మనిషికి ఉపవాసం పెడితే షుగర్ ఎంత పడిపోతుందో, డోసు ఎవర్నడిగి తగ్గించాలో మాకు వార్డులో నిలబెట్టి నేర్పుతారు. మా ఇద్దరికీ తేడా జనానికి ఎలా తెలియాలి?

సూటిమాట: సరే, రిజిస్టర్ ఇచ్చారనుకుందాం. రేపు యాంటీబయాటిక్స్ కూడా రాస్తామంటారు. 1996లో పూనమ్ వర్మ కేసు గుర్తుందా? హోమియో డాక్టరు అల్లోపతీ మందులివ్వడమే నిర్లక్ష్యమంది సుప్రీంకోర్టు.

బీఎన్‌వైఎస్ ఇంటర్నీ: మాది మందుల్లేని వైద్యమండీ బాబూ. మందులు రాసే హక్కు నేనైతే అడగట్లేదు.

డాలస్ అన్న: అమెరికా ఆశ ఉంటే ముందే చెప్తున్నా తమ్ముడూ, ఇక్కడ రాష్ట్రానికో రూలు. ఒరెగాన్‌లో ప్రకృతి వైద్యులకి 1927 నుంచీ లైసెన్సుంది, మందులు కూడా రాస్తారు. మా టెక్సస్‌లో లైసెన్సే ఇవ్వరు. టెనెసీలో ప్రాక్టీసే నేరం. లైసెన్సిచ్చే చోట కూడా ఇక్కడి గుర్తింపున్న నాలుగేళ్ల కాలేజీలో చదివి ఎన్‌ప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. మన బీఎన్‌వైఎస్ నేరుగా చెల్లదు.

కరీంనగర్ కుర్రాడు: అమెరికా మాటే లేదన్నా. ఇక్కడ ఉద్యోగాలు?

బీఎన్‌వైఎస్ ఇంటర్నీ: ఆయుష్‌లో పోస్టు పడితే అదృష్టం. వెల్‌నెస్ సెంటర్లు, రిసార్టులు పిలిచి మరీ తీసుకుంటాయి కానీ, మసాజ్ టైమింగులు రాయడం తప్ప వైద్యం లేదని మా సీనియరక్క మానేసింది. సొంతంగా పెట్టాలంటే ఆవిరి గది, తొట్లు, థెరపిస్టులు, ఆడామగా వేర్వేరుగా. టేబులూ కుర్చీతో అయ్యే క్లినిక్ కాదిది. ఇంట్లో డబ్బుందా లేదా చూసుకోండి.

సూటిమాట: మరి ఇందాకట్నుంచీ నేనంటున్నదేంటి? బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) ముందు పెట్టు, ఇది రెండో ఆప్షన్.

బీఎన్‌వైఎస్ ఇంటర్నీ: ఇష్టం లేని బీఏఎంఎస్ మధ్యలో వదిలేసినవాళ్లూ ఉన్నారు. ఆప్షన్లు పెట్టేముందు చెల్లిని ఒకసారి బల్కంపేట ఓపీకి తీసుకురండి, పొద్దున్నే.