వడ్ల ఊక ఊడిపోతుంది కదా, మరి వరి కవచబీజకం ఎలా అవుతుంది?

ప్రశ్న: ఇంటర్ విద్యార్థిని, దేవరకొండ

నమస్కారం. పగలని, ఒకే విత్తనం గల ఎండు ఫలాల పాఠంలో నాకు రెండు సందేహాలున్నాయి. ఫలకవచం (కాయ గోడ) బీజకవచానికి (విత్తనపు తొక్కకు) అతుక్కుంటే కవచబీజకమని, విడిగా ఉంటే అకీన్ లేదా సిప్సెలా అని చదువుకున్నాము. జొన్నగింజ పైపొర గోటితో గీరినా విడిగా రాదు, కుసుమగింజ పెంకు ఒలిస్తే పప్పు వేరుగా వస్తుంది, ఇంతవరకు అర్థమైంది. కానీ వడ్లను దంచితే ఊక ఊడిపోతుంది కదా, అయినా వరిని కవచబీజకమనే అంటున్నారెందుకు? అలాగే ఒంటిగింజ పల్లికాయను అకీన్ అనకూడదా?

జవాబు: విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

అమ్మా, ఊక అసలు ఫలంలో భాగమే కాదు. వరి పువ్వును కప్పి ఉంచే రెండు పొలుసులు గింజ ముదిరిన తరువాత కూడా రాలకుండా దాన్ని బిగించి పట్టుకొని ఉంటాయి. మనం ఊక అనేది వాటినే. అది తీసిన తరువాత మిగిలే ముడిబియ్యపు గింజే ఫలం. దాని ఫలకవచం, బీజకవచం ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి కాబట్టే మరపట్టినప్పుడు అవి విడివిడిగా రాక, కింది అల్యూరోన్ పొరతోనూ మొలకతోనూ కలిసి తవుడుగా వస్తాయి. జొన్నకు ఆ పొలుసులు కల్లంలోనే చాలావరకు పోతాయి గనుక నీకు అక్కడ సందేహం రాలేదు.

పల్లికాయ విషయంలో చూడవలసింది అండాశయాన్ని, అంటే పువ్వులో కాయగా మారే భాగాన్ని గానీ చేతిలోని కాయను కాదు. వేరుశనగ అండాశయంలో సాధారణంగా ఒకటికి మించి అండాలుంటాయి. ఒకటే ఎదిగి తక్కినవి ఎండిపోతే ఒంటిగింజ కాయ ఏర్పడుతుంది, అయినా అది చిక్కుడు కుటుంబపు కాయే. అకీన్‌కు ఫలదళం (అండాశయాన్ని ఏర్పరిచే ఆకులాంటి భాగం) ఒకటే, అండమూ ఒకటే. కుసుమ, పొద్దుతిరుగుడు గింజలు రెండు ఫలదళాలు కలిసిన నిమ్న అండాశయం (పూరేకులకు కింద ఉండేది) నుంచి వస్తాయి కాబట్టి వాటిని సిప్సెలా అని వేరుచేశారు.

జవాబు: అచ్చంపేట నుంచి ఒక సభ్యుడు

సార్ చెప్పినదానికి ఒక మినహాయింపు చేరుస్తాను. తైదలు (రాగులు) కూడా వరి, జొన్నల కుటుంబానివే అయినా, వాటి ఫలకవచం బీజకవచానికి అతుక్కోదు. పలుచని పొరగా ఉండి నూర్పిడిలోనే చాలావరకు రాలిపోతుంది కనుక, మనం పిండి పట్టించేది ఎర్రని బీజకవచంతో ఉన్న విత్తనాన్నే. ఇటువంటి ఫలాన్ని యూట్రికిల్ అంటారు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయడం క్షేమం! ఈ కోవలోనిదే అయిన సమారా, అంటే రెక్క ఉన్న ఫలం, చూడాలంటే ఎండాకాలం మొదట్లో నెమలినార చెట్టు కింద వెతకండి; కాగితంలాంటి గుండ్రని రెక్క నడుమ ఒకే విత్తనం కనిపిస్తుంది.

ప్రశ్న: ఇంటర్ విద్యార్థిని, దేవరకొండ

ఇద్దరికీ కృతజ్ఞతలు. ధనియాలు కూడా ఈ కోవలోకే వస్తాయా, సార్?

జవాబు: విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

రావమ్మా. ధనియాన్ని నలిపితే ఒక్కో విత్తనంతో రెండు సగాలుగా విడిపోతుంది గనుక అది భిదుర ఫలం. ఒక సగాన్నే చూపించి అడిగితే ఎవరైనా అకీన్ అనే అంటారు, కానీ అది సగం అండాశయం మాత్రమే.