చల్లబడి వానలు పడతాయన్న అంచనా రాగానే నిప్పు ఆంక్షలు ఎత్తేయాలా?

ఎండుటాకు (చర్చ మొదలుపెట్టినవారు):

కార్చిచ్చుల సీజన్ చివర్లో ప్రతిసారీ జరిగేదే ఇది. మొన్నటిదాకా ప్రాంతీయ వాతావరణ అంచనాలో "అగ్ని ప్రమాదం తీవ్రం" అని ఉంటుంది. వారం తిరిగేసరికి అది "చల్లబడుతుంది, సాధారణం కన్నా ఎక్కువ వానలు" అని మారుతుంది. ఇక అడవి దారులు తెరవండి, మంటల మీద నిషేధం తీసేయండి, కాపలా సిబ్బందిని ఇళ్లకు పంపండి అని ఒత్తిడి మొదలవుతుంది. నా మాట సూటిగా చెబుతున్నాను: వద్దు. ముందు వాన పడాలి. పడినది కొలవాలి. లావు దుంగల్లోకి ఇంకిందో లేదో చూడాలి. ఆంక్షల సంగతి ఆ తర్వాత.

అసలు ఆ అంచనా ఏం చెబుతోందో చదివారా? చాలా దేశాల్లో వారం దాటిన అంచనాలు ఇచ్చే పద్ధతి ఒకటే. పాత రికార్డులను తక్కువ, సాధారణం, ఎక్కువ అని మూడు సమాన వాటాలు చేస్తారు. ఎటూ మొగ్గు లేకపోతే ఒక్కోదానికి 33 శాతం. "ఎక్కువ వానకు 45 శాతం" అనగానే మ్యాపులో రంగు మారుతుంది, చూసినవాళ్లు వాన ఖాయం అనుకుంటారు. మిగతా 55 శాతం ఎటు పోయినట్టు? పైగా వానలే పడని నెలలో సాధారణమంటేనే సున్నాకు దగ్గర. అలాంటిచోట "సాధారణం కన్నా ఎక్కువ" అంటే నాలుగు జల్లులు కూడా కావచ్చు. వాటిని నమ్ముకుని నిషేధం ఎత్తేయడమంటే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

తొలకరి:

ఎండుటాకు గారూ, మీరు ఆంక్షల ఖర్చు లెక్కలోకి తీసుకోవడం లేదు. వాతావరణం కళ్లెదుట చల్లబడుతోంది, రాత్రిపూట గాలిలో తేమ పెరుగుతోంది, పొద్దున్నే గడ్డి మీద మంచు కనిపిస్తోంది. అయినా అగ్ని ప్రమాదం ఎంతుందో చెప్పే బోర్డు మీద "తీవ్రం" అనే ఉంటే ఆ బోర్డును ఎవరు నమ్ముతారు? "నాన్నా పులి" కథ అందరికీ తెలిసిందే. వచ్చే ఏడు నిజంగా ప్రమాదం ఉన్నప్పుడు కూడా జనం పట్టించుకోరు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. నరికి కుప్పలు పోసిన కొమ్మలు, చెత్త జాగ్రత్తగా తగలబెట్టడానికి దొరికేది ఈ చల్లని రోజులే. ఇప్పుడు కాల్చకపోతే వచ్చే వేసవిలో కార్చిచ్చుకు అదే మేత.

వాన బలాన్ని తక్కువ చేయొద్దు. ఆస్ట్రేలియాలో 2019-20 వేసవిలో న్యూ సౌత్ వేల్స్ దక్షిణ తీరాన కరోవన్ మంట 74 రోజులు కాలింది, దాదాపు ఐదు లక్షల హెక్టార్లు మాడిపోయాయి. చివరికి ఫిబ్రవరిలో దాన్ని ఆర్పింది వానే. అప్పుడు నాలుగు రోజుల్లో సిడ్నీలో 391.6 మిల్లీమీటర్లు కురిసింది.

ఎండుటాకు:

ఆ 391.6 పడ్డాక కొలిచిన వాన. నేనడిగేది పడబోతుందన్న వాన గురించి.

కొండగాలి:

అసలు "చల్లబడుతుంది" అన్న మాటకే నాకు భయం. ఎండాకాలంలో చల్లదనం చాలా ప్రాంతాలకు కోల్డ్ ఫ్రంట్ రూపంలో, అంటే వేడిగాలిని తోసుకుంటూ వచ్చే చల్లగాలి అంచుగా వస్తుంది. ముందు గాలి మళ్లుతుంది. వాన వెనక వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జరిగింది అదే. ఆ మధ్యాహ్నం మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు. వాయవ్య గాలికి మంట పొడుగ్గా, సన్నగా సాగుతూ పోయింది. సాయంత్రం ఫ్రంట్ వచ్చి గాలి నైరుతికి మళ్లింది. ఉష్ణోగ్రత పడిపోయింది, నిజమే. కానీ అప్పటిదాకా పక్కభాగంగా ఉన్న కిలోమీటర్ల పొడవు మంట ఒక్కసారిగా ముందుభాగం అయి కూర్చుంది. ఆ రోజు మంటల్లో 173 మంది చనిపోయారు. ఆ సాయంత్రానికి ఉష్ణోగ్రత గ్రాఫు ఒక్కటే చూస్తే పరిస్థితి మెరుగైనట్టే కనిపిస్తుంది. కాబట్టి అంచనా మారిన రోజు నుంచి ఫ్రంట్ దాటే రోజుదాకా కాపలా పెంచాలి తప్ప తగ్గించకూడదు.

రాత్రి డ్యూటీ:

నేను మంటలు ఆర్పే దళంలో పనిచేసినవాణ్ణి. తొలకరి గారు చెప్పిన బోర్డు మాట నిజం, జనం నమ్మకం పోతే తిరిగి రాదు. కానీ జల్లు పడిన మర్నాడు కాలిన నేల ఎలా ఉంటుందో చెప్పనివ్వండి.

దుంగ పైన నల్లగా తడిసి, వేలితో నొక్కితే నీరు ఊరుతుంటుంది. గొడ్డలితో చీలిస్తే లోపల పొట్టులా పొడిగా ఉంటుంది. మొద్దు మొదట్లో బూడిద గుంట ఉంటుంది. దాని పైన తడికి గట్టిపడిన పెచ్చు, వాన దాని మీది నుంచి జారిపోయి ఉంటుంది. గ్లవ్ తీసేసి అరచేతి వెనకవైపు నేలకు దగ్గరగా పెట్టి అంగుళం అంగుళం తడుముకుంటూ పోతాం. పొగ రాదు, వాసన రాదు, చేతికి మాత్రం సెగ తగులుతుంది. అక్కడ తవ్వితే వేరు వెంట ఎర్రగా పాకుతుంటుంది. నివురుగప్పిన నిప్పు అంటే ఇదే. రెండు రోజులు ఎండ కాసి గాలి వీచిందంటే అక్కడి నుంచే మళ్లీ రాజుకుంటుంది.

దీనికి లెక్క ఉంది. ఎండు కట్టెను మందాన్ని బట్టి గంట, పది గంటలు, వంద గంటలు, వెయ్యి గంటల రకాలుగా విడదీస్తారు. చుట్టూ ఉన్న తేమకు ఆ కట్టె చాలావరకు సర్దుకోవడానికి పట్టే సమయం అది. పావు అంగుళం లోపు పుల్లలకు గంట చాలు. మూడు నుంచి ఎనిమిది అంగుళాల దుంగలకు వెయ్యి గంటలు, అంటే నలభై రోజుల పైమాట. రాత్రి తేమకు గడ్డి మెత్తబడిందని దుంగ కూడా తడిసిందనుకుంటే పొరపాటే.

ఇంకో మాట. సిబ్బంది అలసిపోయారు కాబట్టి ఎత్తేయండి అంటూ మా పేరు వాడుకోవద్దు. అలసిపోయింది నిజమే. దానికి మందు కొత్త బ్యాచ్‌ను పంపడం.

తొలకరి:

దుంగల లెక్క నాకూ తెలుసండీ. అగ్ని ప్రమాదాన్ని లెక్కగట్టే కెనడా వాళ్ల పద్ధతిలో ఇంకా వివరంగా ఉంది. రోజుకు వాన అర మిల్లీమీటరు దాటితేనే పై ఆకుల పొర తడిసినట్టు లెక్క, కింది పొరకు 1.5, లోతైన పొరకు 2.8. ఆ లోతు పొర ఆరడానికి 52 రోజుల లెక్క వేస్తారు. నేనడిగేది అదే. ఇన్ని పొరలుగా కొలవగలిగినప్పుడు ఆంక్ష మాత్రం ఉంటే మొత్తం, లేకపోతే శూన్యం ఎందుకు? గడ్డి తడిస్తే దారులు తెరవండి. లోతు పొర తేరుకునేదాకా బహిరంగ మంటలు మాత్రం ఆపండి. దళం పర్యవేక్షణలో కుప్పలు కాల్చుకోనివ్వండి.

ఎండుటాకు:

దారులు తెరవడానికి నాకు అభ్యంతరం లేదు, ఫ్రంట్ దాటాక. కుప్పల దగ్గరే మీతో కలవలేను. 2022 జనవరిలో అమెరికాలోని న్యూ మెక్సికోలో పర్యవేక్షణలోనే కుప్పలు కాల్చారు. చలికాలం, మీద మంచు కూడా కురిసింది. నిప్పు నేల అడుగున బతికే ఉంది. ఏప్రిల్ గాలులకు పైకి లేచింది. అదే కాఫ్ కాన్యన్ మంట. పక్కనే హెర్మిట్స్ పీక్ దగ్గర అదుపు తప్పిన ఇంకో నియంత్రిత మంటతో కలిసి మూడు లక్షల నలభై వేల ఎకరాల పైగా కాల్చేసింది. ఆ రాష్ట్ర చరిత్రలో అదే అతి పెద్ద కార్చిచ్చు. చల్లని రోజుల్లో కాల్చుకోనివ్వండి అనేముందు, కాల్చిన కుప్పను నెలల తర్వాత వెళ్లి తవ్వి చూసేదెవరో రాసి పెట్టాలి.

తొలకరి:

రాసి పెట్టండి, తప్పకుండా. కానీ ఒక్క కుప్ప తప్పిపోయిందని అన్ని కుప్పలూ అలాగే వదిలేస్తే ఏమవుతుందో కూడా రాయండి. అవి కాలడం ఎలాగూ కాలతాయి, ఎండ మండిపోయే రోజున, ఎవరి పర్యవేక్షణా లేకుండా. సుప్రీంకోర్టు కూడా 2024 మేలో ఉత్తరాఖండ్ కార్చిచ్చుల కేసులో, మేఘమథనం, వానదేవుడి మీద ఆధారపడటం పరిష్కారం కాదంది. వాన రాకముందే మనం చేయాల్సిన పని ఉంది. అందులో ఈ కుప్పల పని మొదటిది.

వానచుక్క:

ఇంతసేపూ అందరూ వానను రక్షకుడిగానే చూస్తున్నారు. కాలిన వాలు కింద ఇల్లున్నవాళ్లకు అది అలా ఉండదు. చెట్టూ చేమా కాలిపోయాక నేలను పట్టి ఉంచేది ఏదీ మిగలదు. మంట వేడికి పైమట్టిలో మైనం లాంటి పొర ఏర్పడి నీరు ఇంకదు. రోజంతా పట్టే ముసురు కన్నా పావుగంట కుండపోతే అక్కడ ప్రమాదం. 2018 జనవరి 9 తెల్లవారుజామున కాలిఫోర్నియాలోని మాంటెసిటోలో ఐదు నిమిషాల్లో అరంగుళం పైగా పడింది. పైన థామస్ అనే కార్చిచ్చుకు కాలిన కొండల నుంచి బురద, బండరాళ్లు ఊరి మీదికి దొర్లుకొచ్చాయి. 23 మంది పోయారు. అలాంటి చోట "అగ్ని ప్రమాదం తగ్గింది" అని పచ్చ బోర్డు పెడితే జనం నిశ్చింతగా పడుకుంటారు.

తొలకరి:

బాధాకరమే. కానీ అది వేరే హెచ్చరిక, వేరే శాఖ పని. నిప్పు ఆంక్షల చర్చలో దాన్ని కలిపితే ఏదీ తేలదు.

వానచుక్క:

తేదీలు చూడండి. బురద ఊరి మీద పడింది జనవరి 9న. థామస్ మంట పూర్తిగా అదుపులోకి వచ్చిందని ప్రకటించింది 12న. మూడు రోజులు రెండు ప్రమాదాలూ ఒకే కొండ మీద ఉన్నాయి. అందుకే ఆంక్ష ఎత్తేసే ఉత్తర్వులోనే, కాలిన వాలు కింద ఏయే వీధులున్నాయో, ఎంత వాన పడుతుందంటే వాళ్లను ఖాళీ చేయించాలో ఉండాలంటున్నాను. ఆ కాగితం మీద రెండు శాఖల సంతకాలూ ఉండాలి.