ఊట ఏట్లో ట్రౌట్‌కి ఫ్లై ఫిషింగ్: లీడర్, డ్రాగ్, ఫ్లైల మీద సందేహాలు

పర్లాకిమిడి_గాలం:

మే నెలలో కశ్మీర్ ప్రయాణం ఉంది. అనంతనాగ్ జిల్లా కోకర్‌నాగ్ దగ్గర ఊటనీటితో పారే ఏట్లో ట్రౌట్ అనే చల్లనీటి చేపకి ఫ్లై (ఈక, దారాలతో పురుగులా కట్టిన గాలం) వెయ్యాలని కోరిక. సామాను ఇది: 9 అడుగుల 5 వెయిట్ రాడ్ (5 అంటే దానికి సరిపడే లైన్ బరువు అంకె), దానికి సరిపడా తేలే లైన్, కిట్‌తో వచ్చిన ఏడున్నర అడుగుల 3ఎక్స్ లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారం, ఎక్స్ అంకె పెరిగితే కొస సన్నబడుతుంది). ప్రస్తుతం సాధన అంతా స్కూలు మైదానంలోనూ, మహేంద్రతనయ ఒడ్డున పరిగెల మీదానూ.

మూడు చోట్ల ఇబ్బంది వస్తోంది. లైన్ బాగానే పోతుంది గానీ లీడర్ మాత్రం ఫ్లైతో సహా కుప్పలా పడుతోంది. కొన్ని విసుర్లయ్యేసరికి లీడర్‌లో సన్న ముడులు కనిపిస్తున్నాయి. అన్నిటికంటే పెద్దది, ఫ్లై నీళ్ళ మీద పడ్డ రెండు మూడు సెకన్లకే గీత గీసుకుంటూ పక్కకి లాక్కుపోతోంది. పరిగెలు దాని వెనకే వచ్చి, ముట్టకుండా తిరిగిపోతున్నాయి.

అక్కడికి ఏ ఫ్లైలు పట్టుకెళ్ళాలి? అసలు మన కొరాపుట్ కొండగెడ్డల్లో ట్రౌట్ బతుకుతుందా?

గుణుపురం_ఏటిగట్టు:

చివరి ప్రశ్నకి ముందు జవాబు: బతకదు. ట్రౌట్‌కి 10 నుంచి 16 డిగ్రీల చల్లటి నీళ్ళు కావాలి, 20 దాటితే ఆయాసపడుతుంది. మన గెడ్డలు చలికాలం ఎంత చల్లగా ఉన్నా వేసవిలో అంతకు మించి వేడెక్కుతాయి.

లీడర్ కుప్పగా పడటం ముందుకి విసిరేటప్పుడు రాడ్ ఆగకపోవడం వల్ల. చాలామంది రాడ్ కొసని నీళ్ళ దాకా దించేస్తారు, దాంతో ఊపు చచ్చిపోతుంది. గడియారంలో 10 అంకె దగ్గర టక్కున ఆపండి, లైన్ సాగి విప్పుకున్నాకే కొస దించండి. వెనక్కి 1 దాటనివ్వొద్దు. దాటుతోందంటే మణికట్టు మడుస్తున్నట్టే. ఒక నైలాన్ తాడుతో రాడ్ పిడిని ముంజేతికి వదులుగా కట్టి కాసేపు విసరండి, మణికట్టు తనే సర్దుకుంటుంది.

ముడులకి గాలిని తిట్టుకోవద్దు. విసురు మొదట్లోనే బలమంతా పెడితే రాడ్ కొస కిందికి వంగి, లైన్ తన మీద తనే దాటుతుంది. నెమ్మదిగా మొదలెట్టి వేగం పెంచుకుంటూ పోయి చివర్లో ఆపాలి. వెనక కొరడా చప్పుడు వినబడితే లైన్ పూర్తిగా సాగకముందే ముందుకి లాగినట్టు, అప్పుడే ఫ్లై తెగిపోయేది. ముడి పడ్డ దారాన్ని కోసి పారెయ్యండి. ముడి ఉన్న చోట బలం సగానికి పడిపోతుంది, చేప పడితే తెగేది అక్కడే.

మైదానంలో ఫ్లైకి బదులు చిన్న ఊలు పోగు కట్టండి. 30 అడుగుల దూరంలో అడ్డాకుల విస్తరి పెట్టి దాని మీద పడేలా విసరండి. అంతకంటే దూరం మీకు అక్కర్లేదు. 5 వెయిట్ రాడ్ ఆ మాత్రం లైన్ బయట ఉంటేనే బాగా వంగుతుంది. సిమెంటు నేల మీద మాత్రం వద్దు, లైన్ పూత గీరుకుపోతుంది.

ఇక అసలు సంగతి మూడోది. దీన్నే డ్రాగ్ అంటారు. ఊట ఏట్లో ట్రౌట్ దొరకకపోతే పదిసార్లలో తొమ్మిదిసార్లు కారణం ఇదే, ఫ్లై కాదు. మంచు కరిగి వచ్చే ఏళ్ళలో నీళ్ళు మే, జూన్‌లలో పాలలా మసకగా, వడిగా ఉంటాయి, చేపకి ఆలోచించే వ్యవధి ఉండదు. ఊటనీళ్ళు అద్దంలా ఉంటాయి, మెల్లగా కదులుతాయి, నాచు మధ్య పాయలు పాయలుగా చీలతాయి. మధ్య పాయ లైన్‌ని ముందుకి లాగేస్తుంది, ఫ్లై అవతలి నిదానం నీళ్ళలో ఉంటుంది. అదే మీరు చూస్తున్న గీత.

దీనికి రెండు మార్గాలు. ఒకటి, ముందుకి ఆపిన వెంటనే, లైన్ ఇంకా గాల్లో ఉండగానే, చెయ్యి చాచి రాడ్‌ని ప్రవాహం ఎగువకి వాల్చండి. లైన్ ఎగువన పడుతుంది, అది కిందికి కొట్టుకొచ్చేదాకా ఫ్లై స్వేచ్ఛగా పోతుంది. రెండోది ఊట ఏళ్ళకి ఇంకా మంచిది: చేపకి ఎగువన నిలబడి దిగువకి విసరడం. రాడ్ ఎత్తుగా ఆపి, కొస దించుతూ అటూ ఇటూ ఊపి వదులు లైన్ ఇవ్వండి. దారం కంటే ముందు ఫ్లై చేప నోటి దగ్గరికి చేరుతుంది. అయితే చేప మీకేసే చూస్తూ ఉంటుంది గనక వెంటనే లాగితే ఫ్లై నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. అది తల కిందికి తిప్పేదాకా ఆగి అప్పుడు రాడ్ ఎత్తండి.

మహేంద్రతనయలో రాళ్ళ వెనక సుడి, పక్కనే వడి ఉన్న చోటు వెతుక్కోండి. డ్రాగ్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు.

ఈకల_పెట్టె_జయపురం:

లీడర్ పొడవు పెంచండి. 3ఎక్స్ కొస 0.20 మిల్లీమీటర్లు, ఆ నీళ్ళకి లావు. దాని చివర 2 అడుగుల 4ఎక్స్, దాని చివర రెండున్నర అడుగుల 5ఎక్స్ కడితే 12 అడుగులవుతుంది. 5ఎక్స్ అంటే 0.15 మి.మీ. ఇంకా సన్న ఫ్లైకి 6ఎక్స్. హుక్ సైజుని (అంకె పెరిగితే హుక్ చిన్నది) 3తో భాగిస్తే వచ్చే అంకె దాదాపుగా ఎక్స్ అంకె: 16 సైజుకి 5, 18కి 6. రెండు దారాలూ కలిపి మూడుసార్లు చుట్టే సర్జన్ ముడి చాలు. బిగించేముందు ఉమ్మితో తడపండి, పొడిగా లాగితే ఆ వేడికి నైలాన్ దెబ్బతింటుంది.

తేలే ఫ్లై వేసేటప్పుడు చివరి రెండడుగుల దారం నీటి పొర కిందకి దిగాలి. పైన తేలితే అడుగున దాని నీడ తాడులా కనబడుతుంది. ముల్తానీ మట్టిలో నాలుగు చుక్కల గిన్నెలు తోమే ద్రవం, కాస్త గ్లిజరిన్ వేసి ముద్ద చేసి దారానికి రాయండి. ఫ్లైకి అంటించొద్దు.

ఫ్లైలు తక్కువే చాలు. ఊటనీటి నాచులో రొయ్యపిల్లల్లాంటి స్కడ్‌లు, మేఫ్లై అనే నీటిపురుగు చిన్న పిల్లలు, దోమల్లాంటి మిడ్జ్‌లు ఎక్కువ. నిమ్ఫ్ (పురుగు పిల్లలా కట్టిన, మునిగే ఫ్లై) రకంలో ఫెజంట్ టెయిల్ 16, 18 సైజులు, బూడిద రంగు స్కడ్ 14, 16, తేలేవాటిలో ఆడమ్స్, పారాచూట్ రకం 16, 18, మిడ్జ్ 20. సగం నిమ్ఫ్‌లే ఉండాలి, ట్రౌట్ ఎక్కువ మేత తినేది నీటి అడుగునే.

ఫెజంట్ టెయిల్ ఇంట్లో కట్టుకోవచ్చు. ఇంగ్లాండ్‌లో ఏవన్ ఊట ఏటి మీద పనిచేసిన ఫ్రాంక్ సాయర్ దాన్ని దారం లేకుండా, సన్న రాగి తీగతోనే చుట్టాడు. మోటార్ వైండింగ్ షాపులో వెంట్రుకంత తీగ దొరుకుతుంది. హుక్ మీద ఛాతీ భాగంలో మూడు వరసలు ఎక్కువ చుడితే బరువు అక్కడే చేరి నిమ్ఫ్ ముక్కు కిందికి పెట్టి దిగుతుంది. ఫెజంట్ ఈక లేకపోతే గోధుమరంగు నాటుకోడి తోక ఈక పోగులు మూడు నాలుగు వాడండి, వేలితో తడిపి తీగ చుట్టూ మెలి తిప్పుతూ చుట్టండి. పోగులు ఎక్కువ వేస్తే గొంగళిపురుగులా లావెక్కిపోయి పనికిరాదు.

పర్లాకిమిడి_గాలం:

చాలా థాంక్స్ అన్నా. నిమ్ఫ్ మింగిందని ఎలా తెలుస్తుంది? బెండు పెట్టొచ్చా?

ఈకల_పెట్టె_జయపురం:

బెండు ఆ నీళ్ళలో చప్పుడు చేస్తుంది, చేప బెదురుతుంది. తేలే ఆడమ్స్ హుక్ వంపుకి 6ఎక్స్ దారం రెండడుగులు కట్టి దాని చివర నిమ్ఫ్ వెయ్యండి. ఆడమ్స్ ఆగినా, పక్కకి జరిగినా రాడ్ ఎత్తండి.

రాయగడ_మాస్టారు:

బాబూ, కొన్ని పనులు ముందే చూసుకోవాలి. అక్కడ ట్రౌట్ స్థానికం కాదు, 1900లో స్కాట్లాండ్ నుంచి గుడ్లు తెచ్చి పెంచారు. ఇప్పటికీ ఏళ్ళని బీట్‌లుగా, అంటే ముక్కలుగా, విభజించి జమ్మూ కశ్మీర్ మత్స్యశాఖే లైసెన్స్ ఇస్తుంది. సీజన్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, కాబట్టి మే సరైన నెలే. మీ బీట్‌లో ఫ్లై మాత్రమే అనే షరతు ఉందేమో లైసెన్స్ తీసుకునేటప్పుడే అడగండి.

హుక్‌ల వెనక ముల్లుని ప్లయర్‌తో నొక్కేసి తీసుకెళ్ళండి. చేప వదిలేటప్పుడు చెయ్యి తడిపి పట్టుకోండి, పొడి చెయ్యి దాని జిగురు పొరని లాగేస్తుంది. దోమల మందు రాసుకున్న వేళ్ళతో లైన్ ముట్టొద్దు. డీఈఈటీ ఉన్న మందులు లైన్ పూతని కరిగించేస్తాయి, ఆ తర్వాత లైన్ తేలదు.