రాత్రిపూట కృతజ్ఞతలు రాసుకుంటే నిద్ర, బీపీ బాగుపడతాయా?

పటమట వాసి:
బెంజి సర్కిల్ ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి తొమ్మిది. పడుకున్నా ఆలోచనలు ఆగవు. బీపీ మాత్ర వాడుతున్నాను. రోజూ మూడు మంచి విషయాలు రాయమంటున్నారు గానీ, "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" తప్ప ఇంకేమీ తోచడం లేదు. ఎలా రాయాలి? కొన్నాళ్లకి మాత్ర మానేయొచ్చా?

బ్రాడీపేట 4/14:
మాత్ర జోలికి వెళ్లకండి. దాని బదులు నోటుబుక్కు పెట్టుకునేంత ఆధారం ఎక్కడా లేదు. నిద్ర సంగతి వేరు. పడుకునే ముందు మనసులో తిరిగేవి చింతలైతే నిద్ర ఆలస్యమవుతుంది, కాస్త మంచివైతే త్వరగా పడుతుంది. కృతజ్ఞత పనిచేసేది ఆ దారిలోనే.

మీరు రాస్తున్నవి పేర్లు, జరిగినవి కావు. 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సెలిగ్‌మన్ బృందం పరీక్షించిన పద్ధతిలో వారం పాటు రోజూ రాత్రి మూడు సంగతులు, ఒక్కోదాని పక్కన "ఎందుకు జరిగింది" అని రాయాలి. ఆ రెండో సగమే అందరూ ఎగ్గొడతారు. "బస్సు దొరికింది" అని వదిలేయకుండా "నేను పరిగెత్తడం చూసి కండక్టరు బస్సు ఆపించాడు" అని రాయండి. నిన్నటి తేదీ కింద కూడా సరిపోయే వాక్యమైతే కొట్టేయండి. పది నిమిషాలు చాలు. ఫోన్లో మాత్రం వద్దండీ, రాయడానికని తీసి వాట్సాప్‌లో తేలతారు.

కొరిటెపాడు:
రోజూ అనే మాట మీద నాకు పేచీ ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త ల్యూబోమిర్‌స్కీ ఆరు వారాల ప్రయోగంలో వారానికోసారి రాసినవాళ్లకే లాభం కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకి లేదు. మొక్కుబడి అయిపోతే అంతే మరి. 2003లో ఎమన్స్, మెక్‌కల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వారానికోసారి చొప్పున పది వారాలు రాయిస్తే ఒంటి నలతలు తగ్గాయని, వ్యాయామం పెరిగిందని చెప్పారు. అయితే వాళ్లే నరాల, కండరాల జబ్బున్నవాళ్లతో 21 రోజులు రోజూ రాయిస్తే నిద్ర మెరుగైంది. కాబట్టి మొదటి వారం రోజూ రాసి, తర్వాత ఆదివారం ఒక్కటే చూడండి.

ఆశ మాత్రం కొలతగా పెట్టుకోండి. 27 అధ్యయనాలు కలిపి చూసిన 2021 విశ్లేషణలో దిగులు, ఆందోళన తగ్గింది కొద్దిగానే. 2024లో అమెరికాలో 49,275 మంది పెద్దవయసు నర్సుల లెక్క తీస్తే, కృతజ్ఞత ఎక్కువున్నవాళ్లలో నాలుగేళ్ల మరణాలు 9 శాతం తక్కువ. అది సంబంధమే, కారణమని రుజువు కాలేదు.

కృష్ణలంక:
ఇంకో చోట కూడా చెడుతుంది. "పక్కవాళ్లకి ఇదీ లేదుగా" అని రాయడం మొదలెడితే అది పోలిక, ఎక్కువకాలం నిలవదు. జీతం ఆపిన యజమాని మీద కోపాన్ని కూడా దీని కింద కప్పెట్టకండి. సాయంత్రమే వేరే కాగితం మీద ఆ చింత, దానికి రేపు చేయాల్సిన ఒక్క పని రాసి పక్కన పెట్టండి. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకుండా, తిండి, నిద్ర చెడిపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

పటమట వాసి:
అర్థమైందండీ. అమ్మకి రాయడం రాదు. నోటితో చెబితే సరిపోతుందా?

బ్రాడీపేట 4/14:
సరిపోతుంది. భోజనాల దగ్గర ఒక్కటి చెప్పించి, "ఎందుకలా జరిగిందమ్మా" అని మీరే అడగండి. మీరు చెప్పేటప్పుడు ఇంట్లోవాళ్లకి థ్యాంక్స్ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. "పొద్దున్నే మోటరేసి ట్యాంకు నింపావు, కరెంటు పోయినా నీళ్లకి ఇబ్బంది లేకపోయింది" అనండి.