పాత మిలిటరీ లారీకి గాలి ఎక్కడం లేదు, ఎక్కినా నిలవడం లేదు

చీమకుర్తి ట్యాంకర్:

అన్నలకు నమస్తే. మాది చీమకుర్తి పక్కన. ఆర్మీ వాళ్లు వేలం వేసిన అశోక్ లేలాండ్ స్టాలియన్ లారీ ఒకటి రెండు చేతులు మారి రెండేళ్ల కిందట నా దగ్గరికొచ్చింది. ఫోర్ బై ఫోర్. వెనక బాడీ పీకేసి 5,000 లీటర్ల వాటర్ ట్యాంకు కట్టించా. రామతీర్థం వైపు గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో దుమ్ము లేవకుండా దారి తడపడం దీని పని. ఇంజను గుర్రం లాంటిది, పేరు పెట్టనక్కర్లేదు. బ్రేకులకు పోయే గాలి దగ్గరే ప్రాణం తీస్తోంది.

పొద్దున స్టార్ట్ చేస్తే, గాలి తక్కువుందని మోగే బజర్ ఆగేలోపు ఒక టీ తాగి, ఇంకో టీ చెప్పి, పేపర్ కూడా అయిపోతోంది. ఇరవై నిమిషాలు. అప్పటికీ గాలి గేజీ ముల్లు 6 కేజీలు దాటదు. ఇదివరకు 8 దగ్గరికి రాగానే, గాలిలో తేమ తీసే డ్రైయర్ తుస్సుమని వదిలేది. ఆ చప్పుడు విని నెల దాటింది. హ్యాండ్ బ్రేక్ వదిలితే కింద ఎక్కడో సుయ్ మంటుంది, ముల్లు మెల్లగా దిగుతుంది. ముందు గాలి ట్యాంకుకి ఒక ముల్లు, వెనకదానికి ఒకటి; రాత్రి ఆపేటప్పుడు రెండు ముళ్లూ 6 మీద ఉంటాయి. తెల్లారి చూస్తే వెనకది సున్నా, ముందుది నాలుగున్నర దగ్గర ఆగి ఉంటుంది.

నిన్న నిండు నీళ్ల ట్యాంకుతో క్వారీ గుంతలోకి దిగుతుంటే ర్యాంపు సగంలో బజర్ మొదలైంది. ఎలాగో కిందికి చేర్చా. ఎడమ వెనక బ్రేకు డ్రమ్ము మీద నీళ్లు చల్లితే పెనం మీద చల్లినట్టు చుయ్యిమంది. భయమేసి ఆపేశా.

ఇప్పటికి కంప్రెషర్‌కి రింగులు, కిట్టు వేశారు. బ్రేకు పెడల్ కింద ఉండే ఫుట్ వాల్వ్ కొత్తది వేశారు. 17 వేలు అయింది, తేడా ఏమీ లేదు. ఇప్పుడు కంప్రెషర్ మొత్తం మార్చాలంటున్నారు. మార్చమంటారా?

పొదిలి టిప్పర్:

తమ్ముడూ, ఆ డ్రైయర్ పీకేసి కంప్రెషర్ పైపు డైరెక్ట్‌గా గాలి ట్యాంకుకి కొట్టించు, గాలి దానంతటదే ఎక్కుతుంది. వెనక హ్యాండ్ బ్రేక్ స్ప్రింగులకు బోల్టు బిగించేసి తిప్పు. మా దగ్గర సగం బండ్లు అట్లాగే తిరుగుతున్నాయి. కంప్రెషర్‌కి డబ్బులు తగలేయొద్దు.

మాజీ ఈఎంఈ, కావలి:

పొదిలి అబ్బాయి చెప్పిన చివరి మాట ఒక్కటే వినదగ్గది. స్ప్రింగులకు బోల్టు బిగిస్తే ఇక ఆ లారీకి హ్యాండ్ బ్రేక్ లేనట్టే. ర్యాంపు మీద గాలి మొత్తం పోయినా పట్టుకోవడానికి ఏమీ ఉండదు. డ్రైయర్ పీకితే కంప్రెషర్ నుంచి వచ్చే నూనె, నీళ్లు అన్నీ ట్యాంకుల్లోకి, అక్కడి నుంచి ప్రతి వాల్వులోకి పోతాయి. మీ సగం బండ్ల సంగతి నాకు తెలియదు గానీ ఈ బండిని అలా చేయొద్దు.

నేను ఇరవై రెండేళ్లు ఈఎంఈలో, అంటే ఆర్మీ బండ్లు బాగుచేసే విభాగంలో, మెకానిక్‌గా చేశా. ఇప్పుడు కావలిలో మనవళ్ల సైకిళ్లకు గాలి కొడుతున్నా. నువ్వు రాసింది రెండుసార్లు చదివా. నీది ఒక జబ్బు కాదు అబ్బాయ్, మూడు. అన్నీ కలిపి ఒకటే అనుకుని మందేస్తున్నారు కాబట్టే 17 వేలూ గాలికి పోయాయి.

బిందె నిండటం లేదంటే ముందు చూడాల్సింది కుళాయి సన్నగా వస్తోందా, బిందెకు చిల్లుందా అని. నీకు కుళాయీ సన్నగానే వస్తోంది, చిల్లులూ రెండున్నాయి. ఎందుకంటే, రాత్రి హ్యాండ్ బ్రేక్ లాగి ఇంటికి పోతావు. నువ్వు చెప్పిన సుయ్ మనే చప్పుడు హ్యాండ్ బ్రేక్ వదిలినప్పుడు కదా వచ్చేది? లాగి ఉన్నప్పుడు ఆ దారికి గాలే అందదు. మరి తెల్లారేసరికి వెనక గాలి ట్యాంకు ఎలా ఖాళీ అయింది? అది వేరే చిల్లు. ముందు ముల్లు నాలుగున్నర దగ్గర ఆగిందంటే నీ ఫోర్ సర్క్యూట్ వాల్వ్ దాని పని అది చేస్తోంది. వెనక సర్క్యూట్ కారిపోతుంటే ముందు దాన్ని విడదీసి కాపాడింది. దాని జోలికి పోవద్దు. వెనక ట్యాంకు చుట్టూ వెతుకు.

ఇవి చూసి చెప్పు. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు, క్వారీలో నీకు రాళ్లకు కరువా. ఎక్కినంత గాలి ఎక్కించి ఇంజను ఆపు. హ్యాండ్ బ్రేక్ వదులు. ఒకర్ని కిందికి పంపి ఆ సుయ్ ఎక్కడి నుంచో చెవి పెట్టి వినమను. మళ్లీ లాగు. ఆగిందా? ఇంకోటి, కంప్రెషర్ గాలి పీల్చుకునే దగ్గర ఫిల్టర్ ఎప్పుడు శుభ్రం చేశారు? కంప్రెషర్ తల నుంచి డ్రైయర్ దాకా వచ్చే పైపును ఎవరైనా విప్పి చూశారా?

చీమకుర్తి ట్యాంకర్:

బాబాయ్, మా బావమరిదిని కింద పడుకోబెట్టా. హ్యాండ్ బ్రేక్ వదిలితే కొత్తగా వేసిన ఫుట్ వాల్వ్ నోట్లోంచే వస్తోంది గాలి. లాగితే టక్కున ఆగింది. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అంతే. అంటే కొత్త వాల్వు కూడా పోయినట్టేనా? ఫిల్టర్ అని ఒకటుందని నాకు ఇవాళే తెలిసింది. విప్పితే లోపల నల్ల దుమ్ము, నూనె కలిసి కంది పచ్చడిలా ఉంది. పైపు ఎవరూ విప్పలేదు.

మాజీ ఈఎంఈ, కావలి:

కొత్త వాల్వు పోలేదు. పాతదీ పోయి ఉండదు. గాలి బయటికొచ్చేది దాని నోట్లోంచే గానీ తప్పు దానిది కాదు.

వెనక చక్రాల దగ్గర బ్రేక్ చాంబర్, మనవాళ్లు బూస్టర్ అంటారే, అది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో హ్యాండ్ బ్రేక్ స్ప్రింగు. దాన్ని నొక్కి పట్టడానికి నువ్వు హ్యాండ్ బ్రేక్ వదలగానే గాలి పోతుంది. రెండో గది పెడల్ తొక్కినప్పుడు గాలి వచ్చేది. మధ్య గోడకు ఒక సీలు ఉంటుంది. ఆ సీలు అరిగితే హ్యాండ్ బ్రేక్ గదిలోని గాలి పెడల్ గదిలోకి దూరుతుంది. పెడల్ తొక్కలేదు కాబట్టి ఆ గదికి బయటికి పోయే దారి తెరిచే ఉంటుంది. ఆ దారి వెనక్కి వచ్చి ఫుట్ వాల్వ్ నోట్లో తేలుతుంది. వెనక బ్రేకులకు గాలి అందించే రిలే వాల్వ్ ఉన్న బండిలో అయితే రిలే నోట్లో తేలుతుంది. అందుకే జనం వాల్వుల మీద వాల్వులు మారుస్తుంటారు. యూనిట్‌లో మా కుర్రాళ్లూ ఇదే చేసేవాళ్లు, నేనూ ఒకప్పుడు చేశా.

ఏ పక్క చాంబర్ అనేది ఇలా పట్టుకో. రాళ్లు అలాగే ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలి, పెడల్ ముట్టుకోకుండా ఎడమ చాంబర్‌కి వచ్చే పెడల్ పైపు విప్పు. చాంబర్ బొక్కలోంచి గాలి కొడితే అదే దొంగ. కొట్టకపోతే బిగించేసి కుడిది విప్పు. నీ డ్రమ్ము కాలిన వైపే ఉంటుందని నా అనుమానం. గాలి 5 కేజీల దగ్గరికి దిగితే స్ప్రింగు పట్టడం మొదలుపెడుతుంది. నువ్వు నిన్న ర్యాంపు దిగింది సగం హ్యాండ్ బ్రేక్ పట్టిన బండితో.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. ఆ చాంబర్ స్ప్రింగు వైపు మూత గానీ, బ్యాండు గానీ విప్పొద్దు. లోపల స్ప్రింగు వందల కేజీల బలంతో ముడుచుకుని ఉంటుంది. వదిలిందంటే ఆ మూత గుండులా వస్తుంది, మనిషి మిగలడు. మార్చాలంటే చాంబర్ పక్కనే జేబులో ఉండే పొడుగు బోల్టు పెట్టి స్ప్రింగు బిగించి, పూర్తి చాంబర్ కొత్తది వేయించు. రిపేరు చేస్తామనే వాళ్లకి ఇవ్వొద్దు.

నెల్లూరు ఆటోనగర్:

పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఆ డెలివరీ పైపు గురించి నాదొక మాట. మన నీళ్లకి గీజరు పైపులో సున్నం కట్టినట్టు కంప్రెషర్ పైపులో బొగ్గు కడుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే కంప్రెషర్ గాలి బదులు కింద నుంచి ఆయిల్ పీలుస్తుంది. ఆ ఆయిల్ వేడికి మాడి పైపులో పేరుకుంటుంది. దుమ్ములో తిరిగే బండ్లకి ఇది మామూలే. పైపు విప్పకుండా రింగులు మార్చడమంటే ముక్కు మూసి ఊపిరితిత్తులు మార్చినట్టే. బండి చల్లారాకే విప్పు, ఆ పైపు కాలుతుంది. గీకి లాభం లేదు, కొత్తది వేసేయ్. రాలిన బొగ్గు డ్రైయర్‌లోకి పోతే మళ్లీ మొదటికొస్తావు. డ్రైయర్ క్యాట్రిడ్జ్ కూడా మార్చు. ట్యాంకుల కింద డ్రెయిన్ తిప్పితే ఏమొచ్చింది? నూనె, నీళ్లు కలిసి మజ్జిగలా వస్తే ఇక అనుమానమే లేదు.

చీమకుర్తి ట్యాంకర్:

ఐదు రోజులు పట్టింది, అందుకే ఆలస్యం.

పైపు విప్పితే కంప్రెషర్ వైపు చివర పెన్సిల్ దూరేంత సందు కూడా లేదు. డ్రెయిన్ నుంచి మజ్జిగే వచ్చింది, ఒక చెంబుడు. చాంబర్ ఎడమదే బాబాయ్. పైపు విప్పగానే మా బావమరిది మొహం మీద కొట్టింది గాలి, కళ్లద్దాలు లేకపోతే కళ్లలో దుమ్మే. బోల్టు జేబులో లేదు, ముందోడెవడో తీసుకున్నాడు. ఒంగోలు నుంచి తెప్పించి బిగించాకే ముట్టుకున్నాం.

మూడోది నా సొంత పాపం. వాటర్ ట్యాంకు కట్టించినప్పుడు వెల్డింగు ఆయన వేసిన యూ బోల్టు ఛాసిస్ మీద వెనక గాలి ట్యాంకు నైలాన్ పైపుకి ఆనుకుని ఉంది. రెండేళ్లు రుద్ది రుద్ది సూది మొనంత బెజ్జం పెట్టింది. సర్ఫు నీళ్లు పోస్తే అక్కడ బుడగలు. పగలు ఇంజను చప్పుడులో వినపడలేదు, రాత్రంతా కారేది. పైపు మార్చి, పక్కకి జరిపి, మీద పాత ట్యూబు చుట్టా.

ఇవాళ పొద్దున సున్నా నుంచి 8 ఎక్కడానికి ఐదు నిమిషాలు. డ్రైయర్ తుస్సుమంటే మా ఆవిడ ఇంట్లోంచి బయటికొచ్చి చూసింది, టైరు పేలిందనుకుని. ఆ కంప్రెషర్ రింగులు, ఫుట్ వాల్వు మాత్రం అనవసరం అనిపిస్తోంది.

మాజీ ఈఎంఈ, కావలి:

రింగులు వృథా కాదులే, ఆ ఫిల్టర్‌తో అంతకాలం తిరిగాక ఎలాగూ అరిగే ఉంటాయి. పాత ఫుట్ వాల్వ్ పారేయొద్దు, కిట్టు వేసి సీట్ కింద పెట్టుకో.

ఇప్పుడు ఇంకో పరీక్ష. 8కి ఎక్కించి ఇంజను ఆపు, చక్రాలకు రాళ్లు పెట్టి హ్యాండ్ బ్రేక్ వదులు. పెడల్ కాసేపు గట్టిగా తొక్కి పట్టుకో. తొక్కగానే ముల్లు ఒక్కసారి దిగడం మామూలే. ఆ తర్వాత నిమిషంలో కంటికి తెలిసేలా దిగకూడదు. అమెరికాలో ట్రైలర్ లేని పెద్ద లారీల లైసెన్సు పరీక్షలో నిమిషానికి 3 పౌండ్లు దాటితే ఫెయిలు, మన గేజీలో 0.2 కేజీ. ఆ తర్వాత పెడల్ కొట్టి కొట్టి గాలి తగ్గించు, బజర్ ఎన్నింటి దగ్గర మొదలవుతుందో రాసుకో. ఎడమ డ్రమ్ము విప్పి బ్రేకు లైనింగు చూడు, కాలినట్టు గాజులా మెరుస్తుంటే మార్చాల్సిందే.

మా దగ్గర పొద్దున ఫస్ట్ పరేడ్‌లో బండి కదలకముందు గేజీ చూడటం, సాయంత్రం ట్యాంకులు డ్రెయిన్ చేయడం తప్పితే డ్రైవర్‌కి తిట్లు పడేవి. నువ్వూ సాయంత్రం డ్రెయిన్ చేయి.

వెనక బంపర్ దగ్గర ట్రైలర్‌కి గాలి ఇచ్చే కప్లింగులు రెండు ఉండాలి, ఎరుపు, పసుపు. వాటికి మూతలున్నాయా?

చీమకుర్తి ట్యాంకర్:

కప్లింగులున్నాయి బాబాయ్. మూతలు లేవు. గుడ్డ కుక్కి వైరుతో కట్టా.

మాజీ ఈఎంఈ, కావలి:

గుడ్డా? రేపు మూతలు కొనుక్కొచ్చి ఫోటో పెట్టు.