ప్యానెల్ రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలా, లోపలికా?

కూకట్‌పల్లి_కమిటీ: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్యానెల్ రూమ్ (బిల్డింగ్ మొత్తానికి కరెంటు పంచే పెద్ద స్విచ్‌బోర్డ్ ఉండే గది) తలుపుకి చెదలు పట్టింది, మారుస్తున్నం. పాతది లోపలికి తెరుచుకుంటది. ఫైర్ డోర్ అమ్మేటాయన బయటికే ఉండాలంటుండు. బయటికి పెడితే పక్క పార్కింగ్‌ల కారుకి తగుల్తది, ఆ ఓనర్ అస్సలు ఒప్పుకోడు. రూల్ ఏంది? రెండో తలుపు కావాల్నా? తాళం ఎట్ల? ఎంతైతది?

పాత_ఏడీఈ: తలుపు తర్వాత బాబూ. ముందు ప్యానెల్ ఎదురుగా మీటరు ఖాళీ ఉందా లేదా టేపు పెట్టి చూడండి. వెనక బేర్ కనెక్షన్లుంటే, అంటే తొడుగు లేని కరెంటు భాగాలుంటే, ప్యానెల్‌కీ గోడకీ మధ్య సందు 20 సెంటీమీటర్ల లోపుండాలి, లేదా 75 దాటాలి, మధ్యలో ఉండకూడదు. 75 దాటితే 1.8 మీటర్ల ఎత్తు దాకా అడ్డం లేని దారి ఉండాలి. 1956 ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో ఉన్నదే, 2010లో సీఈఏ (సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ) కూడా అదే పెట్టింది. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో మా సర్వీసంతా ఇదే చెప్పాం, విన్నవాడు లేడు.

శీను_ఎలక్ట్రికల్స్: మధ్యలో ఉంటే ఏమవుద్ది సార్? మా బిల్డింగ్‌లో 50 ఉంది, ఇన్నేళ్లలో ఏం కాలేదు.

పాత_ఏడీఈ: 20లో మనిషి పట్టడు, 75లో తిరగగలడు. 50లో అడ్డంగా దూరతాడు, షాక్ కొడితే వెనక్కి జరగలేడు, లాగడానికి ఇంకొకడు లోపలికి పోలేడు. లైసెన్స్ ఉందా నీకు?

శీను_ఎలక్ట్రికల్స్: ఉంది, పర్సనల్‌గా రాకండి. వెనకంతా షీటు బిగించి ఉంది, బేర్ ఏం లేదు, మీ రూల్ మాకు పడదు.

పాత_ఏడీఈ: ఆ షీటు విప్పి చూశావా ఎప్పుడైనా? బస్‌బార్, అదే కరెంటు పంచే బేర్ పట్టీ, ఎక్కడుందో చెప్పు ముందు.

డాలస్_కిరణ్: అన్నా, మా దగ్గర అమెరికాలో ఎన్ఈసీ (నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్) 110.26 క్లియర్‌గా చెప్తుంది. 800 ఆంపియర్లు, ఆపైన ఎక్విప్‌మెంట్ ఉంటే 25 అడుగుల లోపు తలుపులు బయటికే తెరుచుకోవాలి, పానిక్ బార్ (లోపల్నుంచి తోస్తే తలుపు తెరుచుకునే అడ్డ కడ్డీ) ఉండాలి. 2014కి ముందు 1200 ఉండేది. రెండో దారి అడిగారుగా, 1200 ఆంపియర్లు, ఆపైన ఉండి ప్యానెల్ 6 అడుగుల వెడల్పు దాటితే రెండు చివర్లా ఉండాలి, వర్కింగ్ స్పేస్, అంటే ప్యానెల్ ముందు పని చేసే ఖాళీ, డబుల్ ఇస్తే ఒకటి చాలు.

మియాపూర్_మధు: డాలస్ రూల్ కూకట్‌పల్లి సెల్లార్‌కి ఎందుకన్నా, ఇక్కడ షాక్ కొట్టకుండా ప్యానెల్ ముందు వేసే రబ్బర్ మ్యాట్ మీద వాచ్‌మన్ బట్టలారేస్తడు.

డాలస్_కిరణ్: లెక్క చూడు మరి. ట్రాన్స్‌ఫార్మర్ 315 కేవీఏ అయితే ఎల్‌టీ (తక్కువ వోల్టేజ్) వైపు 420 ఆంపియర్లే, మా కోడ్‌లో కూడా బార్ కంపల్సరీ కాదు. 630 అయితే 840, అప్పుడు పడుద్ది. ఆర్క్ ఫ్లాష్‌లో, అంటే ప్యానెల్‌లో కరెంటు మంట ఒక్కసారిగా ఎగిసినప్పుడు, చేతులు కాలినోడు నాబ్ తిప్పలేడు, నడుంతో తోస్తే తెరుచుకోవాలి, అందుకే ఆ బార్.

సుజాత_సెక్రటరీ: బార్ అంటే దొంగలకి తలుపు తీసిపెట్టినట్టే కదండీ? మా దగ్గర రాగి కేబుల్ కోసుకుపోయారు. అప్పట్నుంచి బయట గొళ్లెం పెట్టి పెద్ద తాళం వేశాం, ఎవరేమన్నా తియ్యం.

ఫ్యాక్టరీ_రవి: ఆ గొళ్లెం మాట ఎత్తకండి మేడం. మా పాత ప్లాంట్‌లో హెల్పర్ లోపల టెర్మినళ్లు బిగిస్తుంటే షిఫ్ట్ మారిన సెక్యూరిటీ అతను బయట గొళ్లెం పెట్టి టీకి పోయాడు, సెల్లార్‌లో సిగ్నల్ లేదు, పిల్లాడు స్పానర్‌తో తలుపు మీద కొడతానే ఉన్నాడు, డీజిల్ జనరేటర్ నడుస్తుంటే ఎవరికి వినపడుద్ది. బార్ ఉన్న తలుపు బయట్నుంచి తాళంచెవి లేకుండా రాదు, లోపల్నుంచే ఊరికే తెరుచుకుంటది. మన ఎన్‌బీసీ (నేషనల్ బిల్డింగ్ కోడ్) 2016లో కూడా ఎగ్జిట్ తలుపు లోపల్నుంచి తాళంచెవి లేకుండా రావాలనే ఉంది, మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు.

సుజాత_సెక్రటరీ: పోయిన కేబుల్ డబ్బులు మీరిస్తారా?

మియాపూర్_మధు: రబ్బర్ మ్యాట్ అంటే గుర్తొచ్చింది, బజార్ల దొరికే గీతల మ్యాట్ తేవద్దు, ఐఎస్ 15652 మార్క్ చూసుకోండి. మా ట్రెజరర్ కార్ మ్యాట్ వేయించిండు.

శీను_ఎలక్ట్రికల్స్: ఏడీఈ సార్, ఆ షీటు విప్పి చూశా. బస్‌బార్ వెనకే ఉంది. అయినా మీరు మాట్లాడే పద్ధతి బాలేదు.

ఫ్యాక్టరీ_రవి: కమిటీ గారూ, పార్కింగ్ గొడవకి ఒక దారుంది. తలుపు ఫ్రేమ్‌ని గదిలోకి జరిపి గూడులా కట్టిస్తే రెక్క బయటికే తెరుచుకుంటది, కారుకి తగలదు.

పాత_ఏడీఈ: గూడు లోపలికి పోతే ప్యానెల్ ముందు మీటరు మిగులుద్దా? కొలిచారా అసలు?

కూకట్‌పల్లి_కమిటీ: ముందైతే మీటరు మీదనే ఉంది సార్. వెనక సందుల వినాయక చవితి పందిరి కర్రలు, పాత సోఫా ఉన్నయి, అవి తీసినంక కొలుస్తం. రేటెంతో ఎవ్వరూ చెప్పలే.