అప్‌డేట్: అబ్లేషన్ డేట్ కోసం ఎదురుచూపు

నాకున్న ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి (గుండె లయ తప్పే జబ్బు) అబ్లేషన్ (గుండెలోకి సన్నని గొట్టం పంపి, లయ తప్పిస్తున్న చోటును పనిచేయకుండా చేసే చికిత్స) చేయాలన్నారు, డేట్ దొరికేదాకా ఈ టెన్షన్‌తో ఎలా ఉండాలని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా. డేట్ ఇంకా రాలేదు. నిద్ర మాత్రం పడుతోంది.

ఈలోపు అసలు పని రక్తం పలచబరిచే మాత్రదేనని డాక్టర్‌గారు వివరంగా చెప్పారు. గుండె పైగది సరిగ్గా ముడుచుకోక వణుకుతుంటే రక్తం అక్కడ నిలిచి గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. అందుకే ఒక్క డోసు కూడా మానకూడదట. నేను వాడే మాత్ర అపిక్సాబాన్ కాబట్టి గోంగూరకి అడ్డు లేదు (బతికిపోయాను). అదే పనికి వార్ఫరిన్ అనే మాత్ర వాడేవాళ్లు ఆకుకూరలు ఎప్పుడూ ఒకే మోతాదులో తినాలి, ఐఎన్ఆర్ టెస్ట్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసేది) చేయించుకుంటుండాలి. మోకాళ్ల నొప్పికి సొంతంగా ఐబుప్రోఫెన్ కొనుక్కోవడం బంద్. రక్తస్రావం భయం ఉంటుంది.

స్మార్ట్‌వాచ్ మా అబ్బాయికి ఇచ్చేశా. మాటిమాటికీ అది చూస్తుంటే ఎవరికైనా దడ పుడుతుంది! పొద్దున ఒక్కసారి మణికట్టు పట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టి రాసుకుంటున్నా. లయ తప్పిన నాడిని 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే సరైన లెక్క రాదు.

సాయంత్రం ఇందిరా పార్కులో మెల్లగా నడక. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయాలని రాసి ఫ్రిజ్‌కి అంటించాం. మా ఆవిడ భయం దాంతోనే తగ్గింది.

ఎవరిదైనా స్లాట్ క్యాన్సిల్ అయితే పిలవమని ఆసుపత్రిలో నంబర్ ఇచ్చి వచ్చాను.